ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో కొత్త డిగ్రీ కోర్సు: అనుమతి ఎవరివ్వాలి, ఫైలు ఎక్కడ ఆగుతుంది?

ప్రశ్న అడిగినవారు గుంటూరు దగ్గర ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్టాటిస్టిక్స్ చెబుతున్న అధ్యాపకురాలు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ డేటా సైన్స్ పెట్టాలని వాళ్ల విభాగం అనుకుంటోంది. యూజీసీకి (విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి) రాయాలని ఒకరు, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అనుమతి కావాలని ఇంకొకరు, వీసీ (వైస్ ఛాన్సలర్) గారి సంతకం చాలని మరొకరు చెబుతున్నారట. ఏది నిజం, ఎన్నాళ్లు పడుతుంది అన్నది ఆవిడ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. మీ కోర్సుకు యూజీసీ నుంచి విడిగా అనుమతి అక్కర్లేదు. ఏఐసీటీఈ ముందస్తు అనుమతీ అక్కర్లేదు. వీసీ సంతకం ఒక్కటే మాత్రం చాలదు. కోర్సుకు ప్రాణం పోసేది మీ విశ్వవిద్యాలయంలోని మూడు సభలే. మొదట సిలబస్ చూసే బోర్డ్ ఆఫ్ స్టడీస్, తర్వాత విద్యా విషయాలు తేల్చే అకడమిక్ సెనేట్, ఆపైన పాలకమండలి, అంటే ఈసీ (ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్). అవి దాటాక రాష్ట్ర ఉన్నత విద్యామండలికి వెళ్లాలి. కొత్త పోస్టులో నిధులో అడిగితే వెలగపూడి సచివాలయం దాకా వెళ్లాలి. సక్రమంగా చేస్తే పది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. మూడు నెలల్లో కూడా కాగితం పుట్టించవచ్చు గానీ ఆ తొందర ఖరీదు మొదటి బ్యాచ్ పిల్లలు చెల్లిస్తారు.

ఇక కారణాలు. డిగ్రీ ఇచ్చే హక్కు విశ్వవిద్యాలయానికి యూజీసీ చట్టం, 1956లోని 22వ సెక్షన్ ద్వారా ఉంది. ఏయే పేర్లతో డిగ్రీలు ఇవ్వవచ్చో యూజీసీ గెజిట్‌లో ప్రకటిస్తుంది. 2014 జులైలో వచ్చిన జాబితా అదే. అందులో బీఏ, బీకాం, బీఎస్సీ, బీబీఏ, బీసీఏ, బీ ఒకేషనల్ వంటి పేర్లున్నాయి. మీది బీఎస్సీ, డేటా సైన్స్ అన్నది అందులోని ప్రధాన సబ్జెక్టు. కాబట్టి ఢిల్లీకి రాయాల్సిన పని లేదు. ఆ జాబితాలో లేని డిగ్రీ పేరు, ఉదాహరణకు ‘బ్యాచిలర్ ఆఫ్ డేటా సైన్స్’ అని పెట్టాలనుకుంటే మాత్రం కోర్సు మొదలయ్యే ఆరు నెలల ముందే యూజీసీని ఆశ్రయించి ఒప్పించుకోవాలి. ఆకర్షణ కోసం కొత్త పేరు జోలికి పోవద్దని నా గట్టి సలహా.

ఏఐసీటీఈ విషయంలో 2001లో భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విశ్వవిద్యాలయం తానే నడిపే సాంకేతిక కోర్సుకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, ప్రమాణాలు మాత్రం పాటించాలి. అనుబంధ కళాశాలలకు ఈ వెసులుబాటు లేదు. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ, బీఎంఎస్ కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి కాబట్టి ఆ కోర్సులు పెట్టే అనుబంధ కళాశాలలు అక్కడ దరఖాస్తు చేసుకోవాల్సిందే.

వృత్తి కోర్సులది వేరే దారి. బీఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, న్యాయవిద్యకు బార్ కౌన్సిల్, బీఆర్క్‌కు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్, బీఈడీ, బీపీఈడీలకు ఉపాధ్యాయ విద్యను చూసే ఎన్‌సీటీఈ. వీటిలో విశ్వవిద్యాలయమైనా సరే అనుమతి లేకుండా ఒక్క సీటు కూడా నింపకూడదు. అక్కడ పోయేది డిగ్రీ విలువ ఒక్కటే కాదు, పిల్లల వృత్తి రిజిస్ట్రేషన్ కూడా పోతుంది.

ఇప్పుడు అసలు పని. బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు వెళ్లేముందు విభాగంలో మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉండాలి. నాలుగో ఏడు ఎవరు చెబుతారు? సర్టిఫికెట్ మీద ఏ పేరు ఉంటుంది, దాన్ని ఎవరు ఒప్పుకుంటారు? డబ్బు ఎక్కడిది? ఆగిపోయిన ఫైళ్లు, మొదలై కుంటుపడిన కోర్సులు దాదాపు అన్నీ ఈ మూడింటిలో ఏదో ఒక దగ్గర దెబ్బతిన్నవే.

మొదట అధ్యాపకుల లెక్క. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు, అందుకే వివరంగా చెబుతాను. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. అంటే సెమిస్టర్‌కు 20. థియరీలో ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్ మొత్తానికి 15 గంటలు, వారానికి గంట. ప్రాక్టికల్‌లో ఒక క్రెడిట్‌కు 30 గంటలు, వారానికి రెండు. మీ కోర్సులో సెమిస్టర్‌కు 14 థియరీ, 6 ప్రాక్టికల్ క్రెడిట్లు అనుకుందాం. థియరీ వారానికి 14 గంటలు. ప్రాక్టికల్ 12 గంటలు, కానీ 60 మందిని ఒకేసారి ల్యాబ్‌లో కూర్చోబెట్టలేరు. రెండు బ్యాచ్‌లు చేస్తే 24 గంటలు. మొత్తం వారానికి 38 గంటలు.

మొదటి ఏడు ఈ 38 గంటలే కనిపిస్తాయి. భాషలు, విలువల కోర్సుల వంటివి వేరే విభాగాలు చెబుతాయి కాబట్టి ఇద్దరు ముగ్గురితో బండి నడుస్తుంది. దాన్ని చూసి ‘ఉన్న సిబ్బందితోనే సరిపోతుంది’ అని నోట్‌లో రాసేస్తారు. నాలుగో ఏటికి నాలుగు తరగతులు ఒకేసారి నడుస్తాయి, 38 నాలుగు రెట్లయి 152 గంటలవుతుంది. భాషలు, బహుళ సబ్జెక్టులు, విలువల కోర్సులు కలిపి కోర్సు మొత్తంలో 24 క్రెడిట్ల దాకా బయటి విభాగాలవి. ఏ సమయంలోనైనా నడిచేది అందులో సగమే కాబట్టి 12 గంటలు తీసేయండి. మిగిలింది 140. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ 14 గంటలు ప్రత్యక్షంగా బోధించాలి. 140ని 16తో భాగిస్తే దాదాపు తొమ్మిది మంది. ఇంటర్న్‌షిప్, ప్రాజెక్టు ఉన్న సెమిస్టర్లలో కొంత తగ్గుతుంది, అయినా ముగ్గురికి మాత్రం దిగదు. పైగా వాళ్లు ఇప్పుడు ఎమ్మెస్సీ తరగతులు కూడా చెబుతున్నారు కదా, ఆ గంటలు ముందే పోయాయి.

అందుకని నాలుగేళ్లకు నాలుగు వరుసలతో పట్టిక వేయండి. ఏ ఏటికి ఎన్ని గంటలు, ఉన్నవాళ్లెంతమంది, ఆ నాలుగేళ్లలో పదవీ విరమణ చేసేవాళ్లెవరు, ఎంతమంది తక్కువపడతారు. పదవీ విరమణ వరుస చాలా పట్టికల్లో కనపడదు. మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ వరుసనే. కంప్యూటర్ సైన్స్, గణితం, ఇంగ్లిష్ విభాగాలు తమ వంతు పేపర్లు చెబుతామని రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాట మీద నమ్మకం పెట్టుకుంటే ఆ విభాగాధిపతి మారిన రోజున టైమ్‌టేబుల్ కూలుతుంది.

డబ్బు లెక్క కూడా దీని వెంటే వస్తుంది. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో పెట్టిన పరిమితి తరగతికి 1,500 రూపాయలు, నెలకు 50,000కు మించకూడదు. ఐదుగురు గెస్టులను ఆ రేటున పది నెలలు పెట్టుకుంటే ఏడాదికి 25 లక్షలు. ఫీజు ఏడాదికి 20,000 అనుకోండి. 60 సీట్లూ నిండి మూడు తరగతులు నడిస్తే 36 లక్షలు వస్తాయి, బాగానే ఉంది. కానీ తరగతికి 40 మందే ఉంటే వచ్చేది 24 లక్షలు. గెస్టుల జీతాలకే చాలదు, ల్యాబ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. నాలుగో ఏటి ఫీజును లెక్కలో వేయకండి. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని వెళ్లే వెసులుబాటు ఉన్నప్పుడు ఎంతమంది ఉంటారో చెప్పలేం. నాలుగో ఏడు పరిశోధన కూడా చేసే ఆనర్స్ విత్ రీసెర్చ్‌కైతే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు కావాలి, కాబట్టి ఆ తరగతి చిన్నదే అవుతుంది. ఆదాయం 40 మంది చొప్పున, ఖర్చు 60 మంది చొప్పున వేసుకుంటే ఏ ఆర్థిక అధికారి అడిగినా నిలబడుతుంది. ల్యాబ్‌కు బ్యాచ్‌కు 30 యంత్రాలు, పాడైతే పెట్టడానికి మూడు నాలుగు అదనం, యూపీఎస్, కరెంటు లోడు. డేటా సైన్స్‌కు ఆర్, పైథాన్ ఉచితమే కాబట్టి సాఫ్ట్‌వేర్ ఖర్చు పెద్దగా ఉండదు.

పేరు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ మినిట్స్‌లో ‘బీఎస్సీ డేటా సైన్స్’, సెనేట్ అజెండాలో ‘బీఎస్సీ ఆనర్స్ డేటా సైన్స్ అండ్ ఏఐ’, ప్రాస్పెక్టస్‌లో ‘బీఎస్సీ ఏఐ అండ్ డేటా సైన్స్’. ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్న కోర్సులు తక్కువేం కాదు. మొదటి బ్యాచ్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ కోసం వచ్చిన రోజున పరీక్షల విభాగం ఏ పేరు అచ్చు వేయాలో తేలక ఫైలు వెనక్కి పంపుతుంది. అప్పటికి పిల్లవాడు పీజీ కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. కాబట్టి మొదటి నోట్‌లో రాసిన పేరే అక్షరం పొల్లుపోకుండా తీర్మానంలో, ప్రొసీడింగ్స్‌లో, ప్రవేశాల పోర్టల్‌లో, పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో, విద్యార్థుల క్రెడిట్లు నమోదయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఉండాలి. ప్రతి దశలో ఒకరు కూర్చుని సరిపోల్చాలి, గుమస్తా మీద వదిలేయకూడదు.

పేరు విషయంలో దీనికంటే లోతైన చిక్కు ఇంకోటుంది. ఆ డిగ్రీతో పిల్లలు ఎటు వెళ్లగలరు? బీఈడీ ప్రవేశంలో మెథడాలజీ (బోధించడం నేర్చుకునే సబ్జెక్టు) ఇచ్చేది డిగ్రీలో చదివిన సబ్జెక్టును బట్టి. ఉపాధ్యాయ నియామకాల్లోనూ అర్హతను సబ్జెక్టు పేరుతోనే చూస్తారు. డేటా సైన్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు)గా చేసిన అమ్మాయి లెక్కల టీచర్ కావాలనుకుంటే ఆమె మార్కుల జాబితాలో గణితం అన్న మాట కనపడాలి. అందుకే గణితాన్నో స్టాటిస్టిక్స్‌నో మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, గట్టిగా నిలబెట్టండి. యూజీసీ చట్రంలో నాలుగేళ్ల కోర్సుకు మేజర్ 80 క్రెడిట్లు, మైనర్ 32 కనీసం. ఆ 32 క్రెడిట్లను ముక్కలు ముక్కలుగా నాలుగు సబ్జెక్టులకు పంచితే ఏ సబ్జెక్టుకూ అర్హత రాదు. మీ విశ్వవిద్యాలయంలోనే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు, ఎంసీఏకు ఈ డిగ్రీ అర్హత అవుతుందని అదే సెనేట్ సమావేశంలో ఇంకో తీర్మానం చేయించండి. సొంత ఇంట్లోనే సొంత డిగ్రీకి అర్హత లేదని తేలిన సందర్భాలున్నాయి, అది పిల్లలకు చాలా బాధాకరం.

ఇక సభల సంగతి.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో బయటి సభ్యులు తప్పనిసరిగా పాల్గొనాలి. ఆన్‌లైన్‌లో హాజరైతే వారి సమ్మతి మెయిల్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. మినిట్స్‌లో కోర్సు పేరు, ఏ విద్యాసంవత్సరం నుంచి అమలు, సీట్లు, ప్రవేశార్హత, క్రెడిట్ల పట్టిక, ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ మార్కుల విధానం, మధ్యలో మానేస్తే ఇచ్చే సర్టిఫికెట్ అన్నీ ఉండాలి. మొదటి ఏడు తర్వాత 40 క్రెడిట్లతో, అదనంగా 4 క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో పూర్తిచేస్తే సర్టిఫికెట్, రెండేళ్లకు 80తో అదే పద్ధతిన డిప్లొమా అని చట్రంలో ఉంది. ఆ 4 క్రెడిట్ల కోర్సు ఏమిటో మీరే రాయాలి. చాలామంది రాయరు. అప్పుడు మానేసిన విద్యార్థి ఉత్త చేతులతో వెళ్తాడు.

ఎనిమిది సెమిస్టర్ల సిలబస్ ఒకేసారి ఆమోదించుకోండి. మొదటి రెండు సెమిస్టర్లు పెట్టి ‘మిగతావి తర్వాత’ అని రాస్తే ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. రాసినవాళ్లు మారిపోతారు, ఐదో సెమిస్టర్ పేపర్ మూడో సెమిస్టర్‌దాన్నే తిరగరాసినట్టుంటుంది. ఉన్నత విద్యామండలి చాలా మేజర్లకు నమూనా సిలబస్ ఇస్తుంది. మీ మేజర్‌కు ఉంటే దాన్నే ఆధారం చేసుకుని ఎక్కడ మార్చారో, ఎందుకు మార్చారో ఒక పేజీలో చూపండి. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

అకడమిక్ సెనేట్ ఏటా చాలాసార్లు కూర్చోదు. ఆ తేదీ కనుక్కుని దానికి తగ్గట్టు వెనక్కి లెక్కవేసుకోండి. తేదీ దాటిపోతే ‘ముందు వీసీ గారి ఆమోదంతో మొదలుపెట్టి తర్వాత సభతో ర్యాటిఫై (ఆమోదముద్ర) చేయిద్దాం’ అంటారు. అత్యవసరమైతే వీసీ నిర్ణయం తీసుకుని సంబంధిత సభ ముందు పెట్టే అవకాశం ఉన్న మాట నిజమే. కానీ కొత్త కోర్సు అత్యవసరం ఎలా అవుతుందని ఆడిట్‌వాళ్లు అడిగితే జవాబుండదు. ఒకవేళ సభ ఒప్పుకోకపోతే అప్పటికి చేరిన 60 మంది గతి ఏమిటి? నా మాటగా చెబుతున్నాను, ఒక ఏడు ఆలస్యమైనా సరే ఆ దారి పట్టకండి.

ఈసీలో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల ప్రతినిధులు కూడా ఉంటారు. ఆర్థిక శాఖ నుంచి వచ్చే మొదటి ప్రశ్న ప్రభుత్వం మీద భారం ఉందా అని. ఫైలు సులువుగా దాటుతుందని ‘ఎలాంటి ఆర్థిక భారం లేదు’ అని రాయాలనిపిస్తుంది. నిజం కాకపోతే రాయకండి. రెండేళ్ల తర్వాత పోస్టులు అడిగినప్పుడు ఆ వాక్యాన్నే మీకు చూపిస్తారు. దాని బదులు ‘మొదటి రెండేళ్లు విశ్వవిద్యాలయ సొంత నిధులతో, మూడో ఏటి నుంచి ఇన్ని పోస్టులు అవసరం’ అని పట్టిక జతచేసి రాస్తే అడగడానికి దారి తెరిచి ఉంటుంది.

ఈసీ తీర్మానం తర్వాత రిజిస్ట్రార్ ప్రొసీడింగ్స్ తీసుకుని మంగళగిరి దగ్గరి ఉన్నత విద్యామండలికి పంపాలి. డిగ్రీ ప్రవేశాలు 2020 నుంచి మండలి ఆధ్వర్యంలో ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కాబట్టి అక్కడి జాబితాలో కోర్సు కోడ్ పడకపోతే మీ తీర్మానం ఎంత గొప్పదైనా ఒక్క విద్యార్థి కూడా ఆప్షన్ పెట్టలేడు. గుంటూరు, విజయవాడవాళ్లకు మండలీ సచివాలయమూ ఒక్క పూటలో తిరిగొచ్చే దూరంలోనే ఉన్నాయి. అలాగని విభాగం తరఫున సొంతంగా కాగితాలు పట్టుకెళ్లకండి, రిజిస్ట్రార్ ద్వారా వెళ్లినదానికే నంబరు పడుతుంది. వెళ్లేది ఆ నంబరు ఏ సీటు దగ్గరుందో, ఏ కాగితం తక్కువైందో కనుక్కోవడానికి.

దాని వెనకే ఫీజు రీయింబర్స్‌మెంట్. రాష్ట్ర ప్రభుత్వ జ్ఞానభూమి పోర్టల్‌లో కోర్సు, ఫీజు నమోదు కావాలి. సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో, అంటే విద్యార్థుల ఫీజులతోనే నడిచేలా, పెడితే పథకం వర్తిస్తుందో లేదో ఆ ఏటి ఉత్తర్వులు చూసి ప్రాస్పెక్టస్‌లో స్పష్టంగా రాయండి. పల్నాడు నుంచో దివిసీమ నుంచో వచ్చి చేరిన కౌలురైతు బిడ్డకు డిసెంబర్‌లో ‘మీ కోర్సుకు రాదు’ అని చెప్పడం అన్యాయం. సీట్ల పట్టికలో స్థానిక 85 శాతం, ఎస్సీ 15, ఎస్టీ 6, బీసీ 29, అదనంగా ఈడబ్ల్యూఎస్ 10 శాతం. ప్రవేశాల సెక్షన్‌వాళ్లకు ఇది కొట్టిన పిండి, వాళ్లతోనే వేయించండి.

కాలం విషయానికొస్తే, ఆగస్టులో విభాగం కమిటీ, అక్టోబర్ కల్లా బోర్డ్ ఆఫ్ స్టడీస్, డిసెంబర్‌లోపు సెనేట్, జనవరి, ఫిబ్రవరిలో ఈసీ, మార్చిలో మండలికి. ఏప్రిల్, మే నెలలు పోర్టల్‌లో కోడ్లు, ప్రాస్పెక్టస్, ల్యాబ్ కొనుగోళ్లకు ఉంచుకోండి. టెండరు పెట్టి కంప్యూటర్లు రావడానికి అనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది, దాన్ని ఈసీ తీర్మానం వచ్చిన వారంలోనే మొదలుపెట్టాలి. మీరు మొదలుపెట్టేసరికి ఆగస్టు బాగా దాటిపోయి ఉంటే, ఈ ఏడు వదిలేసి పైఏటికి పెట్టుకోండి.

విజయవాడ నుంచి చదివే కళాశాలలవాళ్ల కోసం ఒక మాట. లయోలా, సిద్ధార్థ వంటి అటానమస్ (స్వయంప్రతిపత్తిగల) కళాశాలలు సొంత అకడమిక్ కౌన్సిల్‌లో సిలబస్ ఆమోదించుకోగలవు, కానీ కొత్త డిగ్రీ సంగతి మాతృ విశ్వవిద్యాలయానికి, అంటే కృష్ణా విశ్వవిద్యాలయానికి తెలియజేయాలి. మామూలు అనుబంధ కళాశాలలు మండలి ఆ ఏడు ఇచ్చే నోటిఫికేషన్ గడువులోపు దరఖాస్తు చేసి, అనుబంధం కోసం విశ్వవిద్యాలయ తనిఖీకి సిద్ధంగా ఉండాలి. మచిలీపట్నం నుంచి వచ్చే తనిఖీ బృందం ముందు అడిగేది గదులు, ల్యాబ్, అర్హతగల అధ్యాపకుల నియామక పత్రాలు. ఇక దూరవిద్యలో కూడా ఇదే కోర్సు ఇవ్వాలనుకుంటే, రెగ్యులర్‌కు వచ్చిన ఆమోదం దానికి పనికిరాదు. యూజీసీ దూరవిద్యా బ్యూరో దగ్గర విడిగా గుర్తింపు తీసుకోవాలి, ఆ ఫైలును దీనితో కలపకుండా వేరేగానే నడపండి.